చిన్న క్యాసెట్టులో పదకొండు నిమిషాలు

మొన్న నా సెల్‌ఫోనులో అవతలివాళ్ల మాట వినిపించకుండా పోతే మదనపల్లె బస్టాండు వెనక సందులో ఉన్న రిపేరు అంగడికి తీసుకెళ్లాను. అంగడి అంటే గోడకు ఆనించిన ఒక బల్ల, దాని మీద ఒక దీపం, అంతే. బల్ల వెనక కూర్చున్నతను ఫోను విప్పి, సోల్డరింగ్ ఐరన్ మొనను సీసపు తీగకు తాకించాడు. సన్నటి పొగ లేచింది. సీసంతోపాటు కాలే రోజన్ వాసన అది, కొంచెం గుగ్గిలంలా, కొంచెం ఘాటుగా ఉంటుంది. నాకు తెలియకుండానే పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. పెద్దావిడకు కళ్లు తిరిగాయనుకున్నాడేమో, పాపం, నీళ్ల సీసా చేతికిచ్చాడు. కళ్లు తిరగలేదు. దాదాపు నలభై అయిదేళ్ల కిందట ఇదే సందులో, ఇప్పుడు చెప్పుల అంగడి ఉన్న చోట, ఆ పొగ మధ్య పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చునేదాన్ని. నా ఎదురుబల్ల దగ్గర జబ్బార్ సాబ్ కూర్చునేవాడు.

జబ్బార్ సాబ్ గురించి ఎక్కడా ఎవరూ రాయలేదు. రాసేంత పెద్దవాడు కాదని ఆయనే అనేవాడు. కానీ డెబ్బైలలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఊళ్లలో రేడియో ఉన్న ఇళ్లలో చాలావాటికి ఆయన పేరు తెలుసు. ఆయనది ఒక కంపెనీ. బోర్డు మీద అలాగే ఉండేది. రెండు గదులు, మూడు బల్లలు, నలుగురం మనుషులం. మొదట్లో ఆయన తయారు చేసింది రేడియో కూడా కాదు, బ్యాటరీలు లేకుండా కరెంటు మీద రేడియో పాడించే ఒక చిన్న పెట్టె. కరెంటు వచ్చిన పల్లెల్లో అది బాగా అమ్ముడుపోయింది. తర్వాత రెండు బ్యాండ్ల రేడియో చేశాడు. చెక్కపెట్టెలు బెంగళూరు నుంచి వచ్చేవి, లోపలి సామాను మద్రాసు నుంచి వచ్చేది, పేరు మాత్రం వాళ్లమ్మది. చాంద్‌బీ రేడియో. ఆ తర్వాత మసీదులకూ భజన మందిరాలకూ ఆంప్లిఫైయర్లు చేశాడు. ఒకే రోజు పొద్దున ఒకదానికి, సాయంత్రం ఒకదానికి బిగించి వచ్చి, రెండింటిలోనూ ఒకే గరగర ఉందని తనను తాను తిట్టుకున్న మనిషి.

నేను ఆ కంపెనీలోకి ఎలా వచ్చానో చెప్పాలి. మాది పుంగనూరు పక్క పల్లె. మా అమ్మానాయనలు కూలి పనులకు పోయేవాళ్లు. నేను ఐటీఐలో రేడియో పని నేర్చుకున్నాను. మా బ్యాచిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. సర్టిఫికెట్టు పట్టుకుని మూడు ఊళ్లలో తిరిగితే ఒకచోట టైపు వచ్చా అన్నారు, ఇంకోచోట మా నాయన పేరు అడిగి, ఊరు అడిగి, ఊళ్లో ఏ వీధి అని అడిగి, మళ్లీ రమ్మన్నారు. జబ్బార్ సాబ్ ఏమీ అడగలేదు. విరిగిన రేడియో ఒకటి ముందు పెట్టి టీ తాగడానికి వెళ్లాడు. వచ్చేసరికి అది పాడుతోంది. ఆయన చెవి దగ్గర పెట్టుకుని విని, కడప స్టేషను వస్తాండాది, సిలోను యాడికి పోయిందమ్మా అన్నాడు. సిలోను స్టేషను కూడా పలికేదాకా ఇంకో గంట పట్టింది. మర్నాటి నుంచి పనిలోకి రమ్మన్నాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఇంటికెళ్లి చెబితే మా నాయన నమ్మలేదు, మర్నాడు నాతోపాటు బస్సెక్కి వచ్చి, సందు మొదట్లో నిలబడి, నేను కుర్చీలో కూర్చోవడం చూసి వెళ్లాడు.

సాబ్ కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. రేడియో తయారయ్యాక పెట్టె మూసేముందు లోపల అంటించిన కాగితం మీద చేసినవాళ్లు పెన్సిల్‌తో పేరు రాయాలి. తర్వాత ఒక పూటంతా దాన్ని పక్కన పెట్టుకుని వినాలి. వింటూ వేరే పని చేసుకోవచ్చు, కానీ వినాలి. అంత తీరిక మనకెక్కడిదని నేనొకసారి గొణిగితే, ‘చేసినోళ్లు ఇనకుంటే కొనుక్కున్నోళ్లు ఇంటారమ్మా. అప్పుడు వాళ్లు తిట్టేది మనమినాల’ అన్నాడు. పేరు ఎందుకంటే, రేపు ఇంకెవరో ఆ పెట్టె విప్పితే, లోపల తప్పు ఎవరిదో వెతుక్కోకుండా ఉండాలట. నాకు మొదట్లో ఇది పోలీసు పనిలా అనిపించింది. మూడోసారి పేరు రాసేటప్పుడు అనిపించింది, సుగుణ అనే నా పేరును బియ్యం కార్డు మీదా, సర్టిఫికెట్టు మీదా తప్ప ఇంకెక్కడా రాసి ఉండగా చూడలేదని. అప్పట్నించి కొంచెం పెద్దక్షరాలతో రాసేదాన్ని. సాబ్ చూసి నవ్వేవాడు గానీ ఏమీ అనలేదు.

ఎనభైలు వచ్చేసరికి రేడియోలు కొనేవాళ్లు తగ్గారు. అందరి నోటా వీడియో మాటే. ఆ వీడియోలో రెండు జాతులు వచ్చిపడ్డాయి. ఇప్పటివాళ్లకు తెలియదు కాబట్టి చెబుతాను. ఒకటి బీటా, దాని క్యాసెట్టు చిన్నది. ఇంకోటి వీహెచ్ఎస్, దాని క్యాసెట్టు పెద్దది. మా వైపు ఎవరూ ఆ పేర్లు పలికేవాళ్లు కాదు, చిన్న క్యాసెట్టు, పెద్ద క్యాసెట్టు అనేవాళ్లు. ఒకదాన్ని ఇంకోదాని మిషన్లో వేసే దారి లేదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. సాబ్ మద్రాసుకు వెళ్లి, రెండు మిషన్లూ పక్కపక్కన పెట్టించి, ఒకే బొమ్మను రెండింటిలో వేయించుకుని పొద్దున్నించి మధ్యాహ్నం దాకా చూశాడట. చిన్నదానిలో ఎరుపు రంగు ఎరుపులా ఉంది, పెద్దదానిలో అంచు దాటి పక్కకు కారుతోంది అన్నాడు. చిన్న క్యాసెట్టు మిషనూ, దానికి సరిపోయే కెమెరా తెచ్చాడు. మంచి బొమ్మ ఏదో జనం కళ్లే చెబుతాయి, మనం చెప్పే పని లేదని ఆయన ధీమా. ఆయన జీవితంలో చేసిన పెద్ద తప్పు అదే. అప్పుడు నాక్కూడా అది తప్పనిపించలేదు.

మేము పెళ్లిళ్లు తీయడం మొదలుపెట్టాం. సాబ్ కెమెరా, నేను లైటు. రోజంతా ఆ లైటు ఎత్తి పట్టుకుంటే భుజం పడిపోయేది. ఇళ్లలో మిషన్లు లేవు కనుక క్యాసెట్టు మా బీరువాలోనే ఉండేది. పెళ్లివారు చూడాలనుకున్నప్పుడు కబురు పంపితే, టీవీని దుప్పట్లో చుట్టి, మిషన్ను నా ఒళ్లో పెట్టుకుని, బస్సులో వెంకటగిరికోటకో శాంతిపురానికో పోయి చూపించి వచ్చేవాళ్లం. ఇంటికొక క్యాసెట్టు. పెళ్లి అయ్యాక మిగిలిన టేపులో సీమంతం, ఆ తర్వాత బిడ్డను ఉయ్యాల్లో వేసే తొట్లి పండగ తీసేవాళ్లం. అందుకే క్యాసెట్టు వెనక ఉండే చిన్న రేకు, విరిచేస్తే దాని మీద ఇంకేదీ రికార్డు కాకుండా చేసే రేకు, మేము విరిచేవాళ్లం కాదు. ప్రతి ఇంట్లోనూ చూపించడం అయ్యాక సాబ్ ఒకే మాట చెప్పేవాడు. ‘ఈ బొమ్మ మీ మనవళ్లు గూడా సూస్తారు. అది నా పూచీ.’ వాళ్లు నమ్మేవాళ్లు. ఎందుకు నమ్మరు, వాళ్లింట్లో ఆయన చేసిన రేడియో అప్పటికి పదేళ్లుగా పాడుతోంది.

కుప్పంలో మురుగేశన్ అని ఒకతను ఉండేవాడు. ఆయనదీ మాలాంటి అంగడే, కానీ పెద్ద క్యాసెట్టు. ఒకసారి కుప్పంలో ఒక పెళ్లివారు రాత్రి సినిమా ఆడించడానికి తెలియక మా ఇద్దరినీ పిలిచారు. రెండు టీవీలు ఒకే పందిట్లో పెట్టాం. జనం మా టీవీ ముందు చేరి, బొమ్మ ఎంత బాగుందో అని మెచ్చుకున్నారు. సాబ్ మొహం వెలిగిపోయింది. సినిమా వేశాక మాత్రం ఒక్కొక్కరే లేచి మురుగేశన్ టీవీ ముందుకు పోయారు. ఎందుకంటే మాకు దొరికే చిన్న క్యాసెట్టులో రెండు గంటల చిల్లర పట్టేది, మన సినిమాలు మూడు గంటలు. సరిగ్గా కథ ముదిరేచోట నేను లేచి క్యాసెట్టు మార్చాలి. అక్కడొక పెద్దాయన సాబ్ భుజం మీద చేయి వేసి, ‘బొమ్మ నీదే బాగుండాది సాబ్. కానీ పూర్తి సినిమా ఆయప్ప దగ్గిర వస్తాది’ అన్నాడు. తిరుగు బస్సులో సాబ్, మదనపల్లె దగ్గర పడ్డాక, మన జనానికి కళ్ల కన్నా కూర్చునే ఓపిక ఎక్కువ అని నవ్వాడు. మురుగేశన్ మీద మాత్రం ఒక్క మాట తూలలేదు.

ఇక నా తప్పు చెప్పాలి. పుంగనూరులో వెంకటరమణప్ప అని పాల వ్యాపారి. ఆయన కూతురి పెళ్లి మేమే తీశాం. కూతురికి బిడ్డ పుట్టింది, పది రోజుల్లో తొట్లి పండగ. అదే క్యాసెట్టులో చివర ఎంత టేపు మిగిలిందో చూద్దామని మిషన్లో వేసి నడిపిస్తున్నాను. మధ్యలో కరెంటు పోయింది. క్యాసెట్టు మిషన్లోనే ఉండిపోయింది. భోజనం చేసి వచ్చేసరికి కరెంటు వచ్చింది. ఆ వారమే మిషన్లో రికార్డు మీట బాగుచేశాం, పరీక్షించాలి. లోపల ఉన్నది పరీక్షలకు వాడే పాత క్యాసెట్టనుకుని రికార్డు నొక్కి, ఇంకో పని చూసుకున్నాను. పాత క్యాసెట్టు బల్ల మీద నా చేతి పక్కనే కనిపించేసరికి పదకొండు నిమిషాలు అయిపోయాయి. ఆపి, వెనక్కి తిప్పి చూశాను. పెళ్లికొడుకు పీట మీద కూర్చుంటాడు, అక్కడి నుంచి తెర నిండా చుక్కలు, గరగర. చుక్కలు ఆగేసరికి కాళ్లు కడగడం అయిపోయి ఉంది.

ఎవరూ చూడలేదు. ఆ రేకు విరవలేదు కనుకే పెళ్లి మీద గరగర ఎక్కింది. కానీ టేపే పాడైందని చెప్పొచ్చు. మిషను నమిలేసిందని చెప్పొచ్చు. వాళ్లకేం తెలుసు. అరగంట అదే ఆలోచించాను, ఇప్పుడు దాచడమెందుకు. సాబ్ నమాజు నుంచి తిరిగొచ్చి నా మొహం చూసి ఏమైందన్నాడు. చెప్పేశాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన క్యాసెట్టు మొత్తం ఒకసారి చూసి, వాచీ పెట్టుకుని చుక్కలు లెక్కగట్టి, రేపు పుంగనూరుకు పోదామన్నాడు. మీరు చెబితే వింటారు సాబ్, నేను రానని ఏడ్చాను. ‘నువ్వు చేసింది నువ్వే చెప్పాల. నేను పక్కన కూసుంటా’ అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ‘ఏం పోయిందో సరింగా చెప్పు. కొంచెం పోయింది అనొద్దు. కొంచెం అంటే సగం దాచినట్టే.’

వెంకటరమణప్ప ఇంటి ముందు పొట్టి ఆవు కట్టేసి ఉంది, పాల క్యాన్లు కడిగి బోర్లించి ఉన్నాయి. ఆయనా, ఆయన భార్య మునెమ్మా మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టారు. తొట్లి పండగ మాట్లాడటానికి వచ్చామనుకున్నారు. నేను తల దించుకుని జరిగింది చెప్పాను. సాబ్ అన్నట్టే పక్కన కూర్చున్నాడు. వెంకటరమణప్ప నావైపు చూడకుండా లేచి ఆవు దగ్గరికి పోయి నిలబడ్డాడు. మునెమ్మ మాత్రం దగ్గరికి జరిగి, ‘పదకొండు నిమిషాల్లో ఏమేం వుండె? చెప్పు పాపా’ అంది.

లైటు పట్టింది నేను, మూడుసార్లు చూపించిందీ నేను. నాకంతా గుర్తుంది. చెప్పడం మొదలుపెట్టాను. మీరు ఇత్తడి చెంబు ఎత్తుతారు, నీళ్లు గబుక్కున ఎక్కువ పోస్తారు, పెళ్లికొడుకు కాలు వెనక్కి లాక్కుంటాడు, ఈ అయ్య మిమ్మల్ని గుడ్లురిమి చూస్తాడు. నీళ్లు చల్లగా ఉండె, అందుకే లాక్కున్నాడు, నేను కాంచమంటే ఎవురూ కాంచలేదు అంది మునెమ్మ. మీరు కొంగుతో పెళ్లికొడుకు పాదం తుడుస్తారు, అదే కొంగుతో కళ్లు తుడుచుకుంటారు. అవును, అందురూ నవ్వినారు అంది. ఒక చిన్నపిల్ల పళ్లెంలో చేయిపెట్టి వక్క తీసుకుంటుంది, పంతులు మంత్రం ఆపి దాన్ని గదమాయిస్తాడు. అయ్య కండువా జారి పళ్లెం నీళ్లలో పడుతుంది, పిండి మళ్లీ భుజం మీద వేసుకుంటాడు. ఇక్కడ మునెమ్మ గట్టిగా నవ్వింది. ఆవు దగ్గరున్న వెంకటరమణప్ప కూడా తల తిప్పి చూశాడు. మొదటి నుంచి మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పేటప్పటికి నా ఏడుపు ఆగిపోయింది.

మేము లేచేటప్పుడు వెంకటరమణప్ప సాబ్‌ను ఒకే ప్రశ్న అడిగాడు, తొట్లి పండక్కి లైటు పట్టేదెవరని. ఈ పాపే అన్నాడు సాబ్. ఆయన సరేనన్నట్టు తలూపి లోపలికి పోయాడు. బస్సులో కూర్చున్నాక నాకు ఎంత తేలికగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. ఆకలేసింది. సాబ్ పల్లీలు కొనిచ్చాడు.

తర్వాత నాలుగైదేళ్లలో చిన్న క్యాసెట్టు మా కళ్లముందే ఓడిపోయింది. కువైట్ నుంచి వచ్చేవాళ్లు పెద్ద క్యాసెట్టు మిషన్లు తెచ్చేవాళ్లు. బెంగళూరు బంధువులు ఇచ్చే సినిమాలన్నీ పెద్దవే. పక్కింట్లో ఏది ఉంటే దానికే క్యాసెట్లు అరువు దొరుకుతాయి కనుక అందరూ అదే కొనేవాళ్లు. ఒకరోజు వెంకటగిరికోట నుంచి ఒక స్కూలు మాస్టారు వచ్చి, మా ఇంట్లో సొంత మిషను కొన్నాం, మా పెళ్లి క్యాసెట్టు ఇవ్వండి అని సంతోషంగా పట్టుకెళ్లాడు. మర్నాడు రెండు బస్సులు మారి తిరిగొచ్చాడు. క్యాసెట్టు బల్ల మీద పెట్టి, ఇది మా మిషన్లో కుదురుకోవడం లేదు సాబ్ అన్నాడు. కోపంగా కూడా అనలేదు. మేమే ఏదో తప్పుగా పెట్టామేమో, ఎలా పెట్టాలో చెప్పండి అన్నాడు. సాబ్ క్యాసెట్టును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. అంతకుముందెప్పుడూ ఆయన్ని అలా చూడలేదు.

ఆ సాయంత్రం బీరువా తెరిచి క్యాసెట్లన్నీ బల్ల మీద పరిచాం. నూరుకు పైగా పెళ్లిళ్లు. మా మిషను ఒక్కటే వాటిని చూపించగలదు. దాని తల, అంటే టేపు మీద తిరుగుతూ బొమ్మను చదివే భాగం, అరిగిపోతోంది. మద్రాసులో అడిగితే ఆ తల ఇక రాదన్నారు. అది పోతే అన్ని పెళ్లిళ్లూ పోతాయి, మనవళ్లు చూస్తారన్న మాటా పోతుంది. పెద్ద క్యాసెట్లలోకి ఎక్కించి ఇళ్లకు పంపిస్తే సరిపోతుంది కదా సాబ్, ఏమీ చెప్పాల్సిన పని లేదు, క్యాసెట్లు చేసే కంపెనీవాళ్లే సైజు మార్చారనుకుంటారు అన్నాను. ఆయన చేతిలోని క్యాసెట్టు కింద పెట్టాడు. ‘పుంగనూరుకు నిన్ను తీస్కపోతిని గదా. నీకొక పద్ధతి, నాకొకటా?’ అన్నాడు. సిగ్గుతో తల దించుకున్నాను.

ఎక్కించడానికి పెద్ద క్యాసెట్టు మిషను కావాలి. అది మా అంగడి గడప తొక్కదని సాబ్ గతంలో నలుగురి ముందు అని ఉన్నాడు. ఇప్పుడు ఆయనే కుప్పం బస్సెక్కి, నన్ను వెంటబెట్టుకుని మురుగేశన్ అంగడికి వెళ్లాడు. తప్పు ఎంచుకున్నాను అప్పా, నీ మిషను కొన్నాళ్లు కావాలి అన్నాడు. మురుగేశన్ ఎగతాళి చేస్తాడని నేను పళ్లు బిగబట్టుకుని ఉన్నాను. ఆయన కుర్చీ లాగి సాబ్‌ను కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, ‘బొమ్మ మీదే మేలు సాబ్. నేను ఇంట్లో ఎప్పుడూ చెప్తాండేది అదే’ అన్నాడు. మిషన్ను తనే దుప్పట్లో చుట్టి బస్సు దాకా మోసుకొచ్చాడు.

ఎక్కించడమంటే ఒక దానిలో నడిపిస్తూ ఇంకోదానిలో రికార్డు చేయడం. రెండు గంటల పెళ్లికి రెండు గంటలూ కూర్చోవాలి. అరిగిన తల ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు కనుక వరస ముఖ్యం. సాబ్ ఒక కాగితం మీద వరస రాశాడు. పెద్ద రైతులు, తెలిసినవాళ్లు ముందు కాదు. ఏ ఇంట్లో ముసలివాళ్లున్నారో ఆ ఇల్లు ముందు. చూడాల్సినవాళ్లు ఉండగానే అందాలని. ప్రతి క్యాసెట్టునూ మేమే తీసుకెళ్లి ఇచ్చేవాళ్లం. ప్రతి ఇంట్లోనూ ఆయన ముందు అదే చెప్పేవాడు, నేను చిన్న క్యాసెట్టు ఎంచుకోవడం నా తప్పు, మీకు పూచీ ఇచ్చినాను, అందుకే ఇది తెచ్చినాను అని. కొందరు నవ్వేవాళ్లు. శాంతిపురంలో ఒకాయన మాత్రం అరిచాడు. సాబ్ అంతా విని, నీళ్లడిగి తాగి వచ్చాడు. నేను పక్కన కూర్చునేదాన్ని.

పుంగనూరు క్యాసెట్టు వరసలో చివరకు పడింది. ఆ ఇంట్లో ముసలివాళ్లెవరూ లేరు, మునెమ్మకు యాభై కూడా ఉండవు. వాళ్ల వంతు ఇంకా రాకముందే, జ్వరమని పడుకుని నాలుగు రోజుల్లో ఆమె పోయిందని తెలిసింది. సాబ్ ఆ కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు. వరస నేనే తప్పు రాసినాను అన్నాడు. ఎవరు మాత్రం రాయగలరు. ఆ కబురు విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ పదకొండు నిమిషాలే. పెళ్లి మొత్తం మీద ఆమె తెర నిండా కనిపించేది అక్కడే. మిగతా అంతా ఆమె వంటింటికీ పందిరికీ మధ్య పరుగెడుతూ, అందరి వెనకా ఎక్కడో ఉంటుంది. ఆ ముక్కను నేను తుడిచేశాను. ఇంత బాధ నేను మా అమ్మ పోయినప్పుడు కూడా పడలేదని చెబితే మా వాళ్లకు కోపం వస్తుంది, కానీ నిజం.

ఎక్కించేటప్పుడు చుక్కలు వచ్చేచోట మిషను ఆపుదామని చేయి చాపాను. అక్కడ అతికితే వెంకటరమణప్పకు కనపడకుండా పోతుంది, బాధ తగ్గుతుంది అనుకున్నాను. సాబ్ నా చేయి పట్టుకుని ఆపాడు. అది మనం తీసేది కాదమ్మా, ఆయప్ప ఇష్టం అన్నాడు. పదకొండు నిమిషాలూ ఇద్దరం చుక్కలు చూస్తూ కూర్చున్నాం.

వెంకటరమణప్ప ఇంట్లో అప్పటికి సొంత మిషను వచ్చింది. ఆవు మారింది, క్యాన్లు అవే. సాబ్ తన మాట తాను చెప్పాక క్యాసెట్టు వేశాం. తల అరిగింది కదా, బొమ్మ మీద అక్కడక్కడా గీతలు పడుతున్నాయి. పెళ్లికొడుకు పీట మీద కూర్చున్నాడు. చుక్కలు మొదలయ్యాయి. ముందుకు తిప్పనా అయ్యా అని లేచాను. వద్దని చెయ్యి చూపించాడు. తెర వైపు చూస్తూ నెమ్మదిగా తనలో తను మాట్లాడుకున్నట్టు మొదలుపెట్టాడు.

‘ఇప్పుడు చెంబు ఎత్తినాది. పోసేసింది సూడు, ఒక్కసారే. ఆయబ్బి కాలు లాక్కున్న్యాడు. నేను ఉరిమి సూసినాను... యాల సూసినానో. ఇప్పుడు కొంగుతో తుడస్తాండాది.’

గదిలో గరగర శబ్దం, ఆయన గొంతు తప్ప ఏమీ లేవు. వక్క తీసుకున్న పిల్లను చెప్పాడు, పంతుల్ని చెప్పాడు. కండువా దగ్గర ఆగి, ఈడ నవ్వతాది అన్నాడు. పెళ్లిలో ఆమె నవ్వలేదు. నవ్వింది ఆ రోజు అరుగు మీద, నేను చెబుతుంటే. ఆయన రెండింటినీ కలిపేసుకున్నాడు. చుక్కలు ఆగాయి, పందిరి కనిపించింది. అప్పుడు నావైపు తిరిగాడు.

‘నువ్వొచ్చి చెప్పకుండా వుండింటే, ఈడ ఏముండాదో నాకు తెల్సేది కాదమ్మా. మిషను చెడిపోయిందనుకోని ముందుకు తిప్పుకుంటాంటి.’

సాబ్ టోపీ తీసి, మోకాలి మీద పెట్టుకుని, దాన్నే చూస్తూ ఉన్నాడు. తిరుగు బస్సులో ఆయన పల్లీలు కొనలేదు. నేనే కొని ఆయన చేతిలో పెట్టాను.

తర్వాత నాకు టెలిఫోను శాఖలో ఉద్యోగం వచ్చింది, రిటైరయ్యేదాకా అక్కడే చేశాను. వైరు తప్పు కలిపి ఒక వీధి మొత్తం ఫోన్లు ఆపేసిన రోజులు నాకూ ఉన్నాయి. ప్రతిసారీ ఆ ఇళ్లకు నేనే పోయి, ఏం పోయిందో, ఎంతసేపు పోయిందో చెప్పాను. దానివల్ల మెమోలు కూడా అందుకున్నాను. జబ్బార్ సాబ్ చివరిదాకా ఆ సందులోనే రేడియోలు బాగుచేశాడు. పోయేముందు రోజు కూడా ఎవరిదో రేడియో పక్కన పెట్టుకుని వింటున్నాడట. ఆయన ఫొటో ఒక్కటీ నా దగ్గర లేదు. ఎప్పుడూ కెమెరా వెనకే ఉండేవాడు.

మొన్న ఆ అంగడతను ఫోను మూసి, అయిపోయిందమ్మా అని ఇచ్చాడు. లోపల ఏం చేశావు నాయనా అని అడిగాను. అన్నీ విడమరిచి చెప్పాడు, ఒక మూల కొంచెం గీత పడింది, అది నా స్క్రూడ్రైవరే అని కూడా చెప్పాడు. నాకు అతని మీద ఎంత ఇష్టం కలిగిందో చెప్పలేను. సందులోంచి బయటికి వస్తుంటే పెదవులు వాటంతటవే కదిలాయి. ముందు మునెమ్మ చెంబు ఎత్తుతుంది. నీళ్లు గబుక్కున ఎక్కువ పోస్తుంది. పెళ్లికొడుకు కాలు వెనక్కి లాక్కుంటాడు.